అరువు గొంతు

నిన్ను మొదట చూసింది మాట లేకుండానే.
యూసుఫ్‌గూడలో ఒక అపార్టుమెంటు సెల్లారు,
గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించిన డబ్బింగ్ థియేటరు.
తెర మీద నీ పెదాలు కదిలేవి,
మైకు ముందు నిలబడి వాటిలో మాటలు కుక్కేదాన్ని.

"అన్నయ్యా" అని ఒకసారి,
"వదిలెయ్యండి, ప్లీజ్" అని పదిసార్లు.
పదకొండేళ్లు, ముప్పై ఒక్క సినిమాలు.
చెల్లెలి వేషాలు, మధ్యలో రెండు హీరోయిన్ వేషాలు,
ముప్పై నిండకుండానే వదిన.
నీ వయసు పెరిగిందో, హీరోది తగ్గిందో
నాకు లెక్క తేలలేదు.
నీ ఏడుపులన్నీ నావే. దగ్గు కూడా నాదే.

నీ యాస పనికిరాదన్నారట.
దివిసీమ గాలి, చేపల వాసన అన్నారట.
పేరూ పనికిరాలేదు.
కొక్కిలిగడ్డ నాంచారమ్మను ఆటోలోంచి దించి
నిషికను మేకప్ గదిలోకి తీసుకెళ్లారు.

ఈ ఊళ్లో ఎవరూ వద్దని చెప్పరు.
"డేట్స్ చూసి చెప్తాం మేడమ్" అంటారు.
కొన్నాళ్లకి మేడమ్ అమ్మా అవుతుంది,
అమ్మా అన్న నంబరు అందుబాటులో ఉండదు.

ఒక మధ్యాహ్నం నాకు ఫోను.
"హైమక్కా, నేను."
ఎవరో పోల్చుకోలేకపోయాను.
నీ గొంతు నేనెప్పుడు విన్నాను గనక!

కృష్ణానగర్‌లో ఇస్త్రీ బండి పైన రెండో అంతస్తు,
మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక చిట్టా పుస్తకం,
పెయింట్ ఆరని బోర్డు.
కొంపల్లి ప్లాటు అమ్మేశావని
టీ తెచ్చిన కుర్రాడు చెప్పాడు.
నువ్వు చెప్పినవి లెక్కలే.
ఇరవై రెండు రోజుల షూటింగ్.
క్యారవాన్ లేదు.
అందరికీ ఒకే గిన్నెలోంచి అన్నం.
జూనియర్ ఆర్టిస్టుల డబ్బు పొద్దుగుంకేలోపు చేతిలో.
ఆ పద్దు కింద పెన్నుతో రెండు గీతలు గీశావు.
ఎందుకని నేను అడగలేదు.
పొద్దున్న ఆరింటికి టిఫిన్ డబ్బాతో
కింద చౌరస్తాలో నిలబడేవాళ్లకి తెలుసు.

జూబ్లీహిల్స్ ఫైనాన్షియర్ ఒకాయన
కథ వినకుండా నిన్నే చూస్తూ
"మీరే చెయ్యొచ్చుగా, ఒక పాట పెట్టి" అన్నాడట.
చెబుతూ నవ్వావు.
ముక్కులోంచి వచ్చి సగంలో ఆగిపోయే నవ్వు.
ముప్పై ఒక్క సినిమాల్లో ఎక్కడా
నేను నవ్వని నవ్వు.

లాలాగూడ క్వార్టర్స్‌లో వానలో గుమ్మడికాయ కొట్టారు.
ఒక్క సీను నువ్వే చేశావు,
రావాల్సినావిడ రాకపోతే. నాలుగు డైలాగులు.
"ఈసారి నేనే చెప్తా. నువ్వు పక్కన కూర్చో అక్కా."

కూర్చున్నాను.
మొదటి టేకు. నువ్వు నోరు తెరిస్తే
వచ్చింది నా గొంతు!
అదే వణుకు, అదే గాలి, చివర్లో అదే తీపి.
ఇంజనీరు ఓకే అన్నాడు.
నేను కాదన్నాను.
నాలుగు గంటలు పట్టింది నాలుగు మాటలకి.
నన్ను నీలోంచి తియ్యడానికి
నాకే చేత కాలేదు చాలాసేపు.
ఆఖరికి విసిగి "ఇంకెట్టా చెప్పాలి, చావనా!" అని తిట్టావు.
"అట్టాగే" అన్నాను.

ఏమీ పలకనందుకు
నా పూర్తి పారితోషికం కవర్లో పెట్టి ఇచ్చావు.

కవాడిగూడ సెన్సారాఫీసులో రెండు కత్తిరింపులు,
ఒక థియేటరు, పొద్దున్న పదకొండుంపావు ఆట.
ఇరవై ముగ్గురం. అందులో ఏడుగురం మనమే.
నిర్మాత: కొక్కిలిగడ్డ నాంచారమ్మ
అని తెర మీద పడ్డప్పుడు
వెనక వరసలో ఎవరో తుమ్మారు.

సోమవారం పోస్టరు తీసేస్తున్నారు.
బుకింగ్ కిటికీ దగ్గర మేనేజరుతో నువ్వు,
"గురువారం దాకా ఉంచుతానన్నారుగా!
మాటిచ్చారుగా!"
వడ్డీ నడుస్తోంది, ఎండ నెత్తికెక్కింది,
నిచ్చెన మీది కుర్రాడు చేతులాపి వింటున్నాడు.
పక్కనే నేను.
అలవాటు చొప్పున పెదాలు కదుపుతున్నాను,
శబ్దం లేకుండా.